పట్టు చీరకి అంటకూడని మేకప్: పౌడర్ వేసుకుని ముఖం నీళ్ళలో ముంచే పద్ధతి, ఐదు వారాలు వాడి చూశాక

మొన్న మాఘమాసం పెళ్ళిళ్ళ రద్దీలో ఒక శనివారం సాయంత్రం హాఫ్ వైట్ కంచిపట్టు చీర ఒకటి నా వల్ల పాడైంది. నేను చెన్నై టీ నగర్లో ఒక పట్టుచీరల దుకాణంలో సేల్స్‌లో పనిచేస్తాను. నెల్లూరు, గూడూరు, తిరుపతి వైపు నుంచి పెళ్ళి బట్టలకి వచ్చే తెలుగువాళ్ళని మా సెక్షన్‌కే పంపిస్తారు. పట్టుచీర మడతలో చూస్తే అందం తెలీదు. కొంగు విప్పి నా భుజం మీద వేసుకుని, బోర్డర్ కనిపించేలా పట్టుకుని నిలబడాలి. ఆ రోజు అలాగే వేసుకుని, వంగి కుచ్చిళ్ళు సర్ది తలెత్తేసరికి కొంగు అంచు మీద గోధుమరంగు మరక. నా గడ్డం కింది ఫౌండేషన్ అది, ముఖానికి వేసుకునే చర్మం రంగు మేకప్ పూత. పెళ్ళికూతురి వాళ్ళమ్మ చూసింది. గట్టిగా ఏమీ అనలేదు. చీర మెల్లగా పక్కకి జరిపి, "వేరేది చూపించమ్మా" అంది.

38,000 రూపాయల చీర. డ్రైక్లీనింగ్‌కి పంపారు, ఖర్చు నన్ను అడగలేదు. కానీ ఒక్కో చీర మగ్గం మీద ఎన్ని రోజులు కూర్చుంటే దిగుతుందో రోజూ కొనేవాళ్ళకి చెప్పేదాన్ని నేనే. అలాంటిది నా ముఖం రంగు దానికి అంటిందంటే రాత్రి అన్నం సహించలేదు. మేకప్ మానేస్తే పోతుందిగా అంటారేమో. మా దగ్గర కుదరదు. పట్టుచీర, జడలో పూలు, బొట్టు, ముఖానికి మేకప్ ఉండి తీరాలి. ఉదయం తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా అలాగే ఉండాలి.

చెన్నై చెమట గురించి ఇక్కడున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. క్రోంపేటలో లోకల్ ఎక్కి మాంబళంలో దిగేసరికే జాకెట్ వీపుకి అతుక్కుంటుంది. 2023లో స్టేషన్ నుంచి బస్టాండు దాకా స్కైవాక్ వేశాక రంగనాథన్ వీధి తోపులాట తప్పింది గానీ ఉక్కపోత ఎక్కడికి పోతుంది? నా ముఖం ముందే జిడ్డు తత్వం. పదకొండింటికి ముక్కు మెరవడం మొదలవుతుంది, రెండింటికి ఫౌండేషన్ ముక్కు పక్కల గీతలు గీతలుగా చీలుతుంది.

మా సెక్షన్‌లో కొత్తగా చేరిన కడప అమ్మాయి ఒకరోజు భోజనాల దగ్గర ఫోన్‌లో ఒక రీల్ చూపించింది. ఒకావిడ ముఖమంతా మేకప్ వేసుకుని, దాని మీద తెల్లగా పిండి చల్లినట్టు పౌడర్ దట్టించి, ఐసు వేసిన గిన్నెలో ముఖం ముంచేసింది. పైకి లేచి తువాలుతో అద్దుకుంది. మేకప్ చెక్కు చెదరలేదు. "అక్కా, ఇది మీకు పనికొస్తుందేమో చూడండి" అంది ఆ పిల్ల. దీన్ని జాంసూ అంటారట. కొరియా భాషలో నీళ్ళలో మునగడం అని అర్థం. దాదాపు పదేళ్ళ కిందట కొరియా అమ్మాయిల దగ్గర్నుంచి పాకింది. దీనికి చుట్టం లాంటిదే ఇంకో పద్ధతి ఉంది, ఫౌండేషన్‌కి ముందే ఒక పొర పౌడర్ వేయడం. రీల్స్‌లో ఇప్పుడు ఈ రెండూ కలిపి చేస్తున్నారు. నేనూ రెండూ కలిపే మొదలుపెట్టాను.

చూడ్డానికి బాగుందా లేదా అన్నది నా ప్రశ్న కాదు, చీరకి అంటుతుందా లేదా అన్నదే. అందుకని టైలర్ దగ్గర మిగిలిన తెల్ల లైనింగ్ గుడ్డ ముక్కలు తెచ్చుకున్నాను. అరచేయంత ముక్కలుగా కత్తిరించి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని రోజుకి నాలుగుసార్లు, పదకొండుకి, రెండుకి, ఆరుకి, ఎనిమిదిన్నరకి, గడ్డం కింద, ముక్కు పక్కన అద్ది, ముక్క మీద బాల్‌పెన్‌తో తేదీ, టైము రాసేదాన్ని. ఏప్రిల్ చివర్లో మొదలుపెట్టి రోహిణి కార్తె దాకా రాశాను. ఆ ముక్కలన్నీ ఒక చాక్లెట్ డబ్బాలో ఉన్నాయి. నేను కింద రాసేదంతా వాటిని ముందు పెట్టుకునే రాస్తున్నాను.

మొదటి వారం అంతా పొరపాట్లే. మూడు ముఖ్యమైనవి, మూడూ మన ఊళ్ళల్లో ఎవరికైనా జరిగేవే.

మొదటిది నీళ్ళు. మా ఇంట్లో కుళాయికి వచ్చేది బోరు నీళ్ళు. బకెట్ అడుగున తెల్లగా పేరుకునే ఉప్పు నీళ్ళు. వాటిలోనే నాలుగు ఐసు ముక్కలు వేసి ముఖం ముంచాను. ఆరాక చూస్తే కనుబొమల దగ్గర, చెంపల అంచున సన్నటి తెల్ల చారలు. కడిగిన స్టీలు గ్లాసు తుడవకుండా బోర్లిస్తే మిగిలే చారలు ఎలా ఉంటాయో అచ్చం అలా. పౌడర్ ఎక్కువైందేమో అనుకుని రెండో రోజు తగ్గించాను, చారలు అలాగే ఉన్నాయి. మూడో రోజు తాగడానికి కొనే క్యాన్ నీళ్ళు పోసి చూస్తే ఒక్క చార లేదు. కొరియాలో ఎవరూ ఈ సంగతి చెప్పరు, వాళ్ళ నీళ్ళు వేరు. బోరు నీళ్ళున్న ఇళ్ళవాళ్ళు మాత్రం ముందు ఇది చూసుకోండి.

రెండోది పౌడర్ రకం. ఊరికే ప్రయోగానికి కదా అని 180 రూపాయలకి దొరికిన ఒక లూజ్ పౌడర్ కొన్నాను. పేరు రాయను. నీళ్ళలోంచి తల పైకి తీసి అద్దంలో చూసుకుంటే ముక్కు రెండు పక్కలా చిన్న చిన్న ఉండలు. వేలితో నలిపితే ఉడికీ ఉడకని గంజిలా జారింది. డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివితే మొదట్లోనే కార్న్ స్టార్చ్ అని ఉంది. మొక్కజొన్న పిండే కదా, నీళ్ళు తగిలితే పీల్చుకుని ఉబ్బుతుంది. అదే పౌడర్ నీళ్ళ పని పెట్టుకోకుండా మామూలుగా అద్దుకుంటే బాగానే ఉంది, కాబట్టి పౌడర్‌ది తప్పనను. ఈ పద్ధతికి అది పనికిరాదు, అంతే. టాల్క్ గానీ మైకా గానీ, అంటే ఖనిజాల పొడులు, ముందు వరుసలో ఉన్నవి నీటిని అంత తొందరగా పట్టుకోవు. కొనేటప్పుడు డబ్బా ముందున్న పూల బొమ్మ కాకుండా వెనకున్న జాబితా చూడండి.

మూడోది మోతాదు. రీల్‌లో ఆవిడ ముఖం కనిపించనంత పౌడర్ వేసింది. నేనూ అంతే వేశాను. నీళ్ళలో సగమే పోయింది, మిగిలింది మధ్యాహ్నానికి చెమటతో కలిసి మెడ గీతల్లో తెల్లగా కూర్చుంది. ఆ రోజు బాటిల్ గ్రీన్ చీర ఒకటి భుజాన వేసుకుంటే కొంగు మీద సన్నటి తెల్ల ధూళి రాలింది. ఫౌండేషన్ మరక పోగొట్టుకోబోయి పౌడర్ మరక తెచ్చుకున్నట్టయింది. లేత రంగు చీరకి గోధుమ మరక భయం, ముదురు రంగు చీరకి తెల్ల ధూళి భయం. ఈ రెండింటి మధ్య దారి దొరికితే తప్ప నాకు ఉపయోగం లేదు.

ఆ దారి చూపించింది మా వీధిలో ఉండే ఒక మేకప్ అన్న. కూచిపూడి, భరతనాట్యం నేర్చుకునే పిల్లలకి అరంగేట్రాలకి మేకప్ వేస్తారు. డిసెంబర్ కచేరీల సీజన్ వచ్చిందంటే మనిషి కంటికి కనిపించరు. మంగళవారం నాకు సెలవు, ఆ పూట వాళ్ళింటికి వెళ్ళి రీల్ చూపించాను. ఆయన చూసి, "ఇందులో గిన్నె ఒక్కటే కొత్త చెల్లెమ్మా. గ్రీజ్ పెయింట్ వేశాక పౌడర్ అద్ది, తడి స్పాంజి పిండి ఒత్తడం స్టేజీ వాళ్ళకి ఎప్పట్నుంచో ఉన్నదే. లైట్ల కింద గంటన్నర ఆడాలి కదా పిల్లలు" అన్నారు. తరవాత నా పౌడర్ అద్దే తీరు చూపించమన్నారు. నేను పఫ్‌తో ముఖం మీద రాసుకుంటూ పోయాను. ఆపేశారు. "రాయకూడదమ్మా. రాస్తే కింద ఉన్నది కూడా లేచొస్తుంది."

ఆయన చేసి చూపించింది నాకు కళ్ళకి కట్టినట్టుంది. మఖమల్ పఫ్ మధ్యలో చిటికెడు పౌడర్ వేశారు. పఫ్‌ని పూరీలా రెండుగా మడిచి, రెండు అరచేతుల మధ్య పెట్టి, పౌడర్ దాని నూగులోకి ఇంకేదాకా నలిపారు. విప్పితే పైన పౌడర్ కనిపించనే లేదు. ఆ పఫ్‌ని ముంజేతి వెనక రెండుసార్లు తట్టి దులిపి, ముక్కు పక్కన ఆనించి ఒత్తి, ఎత్తకుండా అలాగే అంచు వైపుకి దొర్లించారు. చపాతీ కర్ర చివర్లో ఎలా దొర్లుతుందో అలా. ఒత్తు, దొర్లించు, ఎత్తు. అంతే. ఒక చెంపకి నాలుగుసార్లు. కనురెప్పల కింద, పెదవి పైన పఫ్‌ని సగానికి మడిచి మొనతో ఒత్తారు. చర్మం రంగు మారలేదు, మెరుపు మాత్రం పోయింది. నేను వారం రోజులు వాడిన పౌడర్‌తో ఆయన నెల గడుపుతారనిపించింది.

పౌడర్ కూడా ఆయన చెప్పిందే కొన్నాను. క్రయోలాన్ ట్రాన్స్‌లూసెంట్ పౌడర్, నెంబరు టి.ఎల్. 11, కొంచెం పసుపు ఛాయ ఉన్నది. బెర్లిన్‌లో 1945లో నాటకాల మేకప్ సామానుతో మొదలైన కంపెనీ అది, పెళ్ళి మేకప్‌లు వేసే మన ఊరి బ్యూటీషియన్ల పెట్టెల్లో కూడా కనిపిస్తుంది. చామనఛాయ ముఖానికి పచ్చి తెలుపు పౌడర్ వేస్తే బూడిద పూసినట్టుంటుంది, ఈ పసుపు ఛాయ వల్ల ఆ ఇబ్బంది రాలేదు. నీళ్ళు తగిలినా ఉండ కట్టలేదు. వాసన కూడా దాదాపు లేనట్టే, రోజంతా పట్టుకి దగ్గరగా నిలబడే మాకు అదీ ముఖ్యమే.

ఇప్పుడు నేను చేస్తున్నది చెబుతాను. స్నానం అయ్యాక మాయిశ్చరైజర్ పలచగా రాసి వంటింట్లోకి వెళ్ళిపోతాను. పాప లంచ్ బాక్సు కట్టేసరికి పది నిమిషాలు గడుస్తాయి, అది చర్మంలోకి ఇంకుతుంది. ఇంకకుండా పౌడర్ వేస్తే పేస్టే. తరవాత సన్‌స్క్రీన్, దానికీ అయిదు నిమిషాలు. అప్పుడు మొదటి పౌడర్ పొర, నుదురు, ముక్కు, ముక్కు పక్కలు, గడ్డం, వీటికి మాత్రమే. దాని మీద ఫౌండేషన్, ఇదివరకు వేసేదాంట్లో సగం. తడిపి గట్టిగా పిండిన స్పాంజితో తట్టుకుంటూ వెళ్ళాలి, లాగితే కింది పౌడర్ గీతలు పడుతుంది. మళ్ళీ రెండో పొర పౌడర్, ఈసారి ముఖమంతా, అన్న చూపించిన ఒత్తుడు దొర్లించుడు పద్ధతిలో. రెండు నిమిషాలు ఆగి జుట్టు వెనక్కి బిగించి కట్టి, క్యాన్ నీళ్ళలో ఆరు ఐసు ముక్కలు వేసిన బేసిన్‌లో కళ్ళు, నోరు మూసుకుని పదిహేను లెక్కపెట్టేదాకా ముఖం ఉంచుతాను. పైకి తీశాక తుడవకూడదు, పాత వాయిల్ చీర ముక్క ముఖానికి ఆనించి అరచేతులతో ఒత్తాలి. కాటుక, బొట్టు, లిప్‌స్టిక్ అన్నీ ఆ తరవాతే. చీర కట్టుకోకముందే ఇదంతా అయిపోవాలి, మెడ మీదుగా నీళ్ళు కారతాయి.

ముఖం నీళ్ళలో పెట్టిన ఆ పదిహేను అంకెలు మాత్రం నాకు చాలా ఇష్టమయ్యాయి. మే నెల ఉదయం, గ్యాస్ పొయ్యి పక్క నుంచి వచ్చి ముఖం చల్లటి నీళ్ళలో పెడితే కుక్కర్ విజిల్ కూడా ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టుంటుంది.

చల్లనీళ్ళకి చర్మరంధ్రాలు మూసుకుంటాయని రీల్స్‌లో చెబుతారు. అది నమ్మకండి. రంధ్రాలకి తెరుచుకుని మూసుకునే కండరాలేవీ లేవు. చల్లదనానికి ముఖంలో ఎరుపు, ఉబ్బు కాసేపు తగ్గుతాయి, అందుకే రంధ్రాలు చిన్నవైనట్టు కనిపిస్తాయి. అసలు పని జరిగేది వేరేచోట. ఫౌండేషన్‌ని ముందుగా కదిలించేది చర్మం నుంచి వచ్చే జిడ్డు. ఆ నూనె ఫౌండేషన్ పొరలో కలిసి దాన్ని మెత్తబరుస్తుంది, అప్పుడు చెమటకో బట్టకో సులువుగా ఊడొస్తుంది. కింద పౌడర్ పొర ఉంటే ఆ నూనెని కొంత పీల్చుకుంటుంది. పైన పౌడర్ ఉంటే రుద్దుకున్నప్పుడు తడి రంగు నేరుగా బట్టకి తగలదు. నీళ్ళు చేసేది, అతుక్కోని పౌడర్‌ని తీసుకెళ్ళిపోవడం. బాటిల్ గ్రీన్ చీర మీద రాలింది ఆ అతుక్కోని పౌడరే.

ఇక గుడ్డ ముక్కల సంగతి. ఏమీ చేయని రోజు, అంటే ఉత్త ఫౌండేషన్ వేసుకున్న రోజు, రెండింటి ముక్క మీద నా గడ్డం వంపు మొత్తం అచ్చుపడింది. పైన మాత్రమే పౌడర్ అద్దిన రోజు ఆ రంగు సగానికి తగ్గింది. రెండు పొరలూ నీళ్ళూ పద్ధతిగా చేసిన రోజుల్లో పదకొండింటి ముక్క తెల్లగానే ఉంది, రెండింటి ముక్క మీద పలచని టీ చుక్క ఆరినంత ఛాయ, ఆరింటికి ముక్కు పక్కన మాత్రం కందిగింజంత మరక. ఎనిమిదిన్నరకి పెదవి పైన ఏమీ మిగల్లేదు, అక్కడ పట్టే చెమటకి ఏ పద్ధతీ ఆగదని నాకర్థమైంది. మధ్యాహ్నం మా భోజనం పై అంతస్తులో, రేకుల కప్పు కింద. ఫ్యాను తిరుగుతున్నా వేడిగాలే. కత్తిరి ఎండలు, అంటే ఇక్కడి మే నెల మండుటెండలు, దాటి రోహిణి కార్తె వచ్చాక రోళ్ళు పగులుతాయంటారు చూడండి, ఆ వారంలో కూడా ముక్కలు దాదాపు ఇలాగే ఉన్నాయి. కాసేపు కూర్చుని ముఖం అద్దుకునే వీలుంటే ఇంకా నయం. సేల్స్‌లో ఉన్నవాళ్ళకి కూర్చోడానికి సీటు ఇవ్వాలని తమిళనాడులో 2021లో చట్టం వచ్చింది. పెళ్ళిళ్ళ సీజన్లో ఆ స్టూలు మీద కూర్చునే అయిదు నిమిషాలు మాకెంత విలువైనవో నిలబడి పనిచేసేవాళ్ళకే తెలుస్తుంది.

ఈ ముక్కలు వరసగా పరిచి చూస్తున్నప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది. నాకు అన్నిటికన్నా పెద్ద మేలు చేసింది ఇదే. మరకలన్నీ దవడ ఎముక కింద అద్దిన చోటే ముదురుగా ఉన్నాయి. ముఖానికీ మెడకీ రంగు తేడా తెలియకుండా ఉండాలని నేను అక్కడ ఫౌండేషన్ ఇంకాస్త వేసి మెడ మీదకి లాగేదాన్ని. చీర కొంగు తగిలేదీ సరిగ్గా అక్కడే. నుదుటికి చీర ఎప్పుడు తగులుతుంది? అందుకని నాలుగో వారం నుంచి ఫౌండేషన్ ముఖం మధ్యలో మొదలుపెట్టి బయటికి పలచన చేసుకుంటూ, దవడ దగ్గరికి వచ్చేసరికి స్పాంజిలో మిగిలిన తడి మాత్రమే తగిలేలా చేస్తున్నాను. మెడకి సన్‌స్క్రీన్, పౌడర్ అంతే. ఆ వారం నుంచి గడ్డం కింది ముక్కలు ఎనిమిదిన్నరకి కూడా తెల్లగానే ఉంటున్నాయి. ఈ ఫలితంలో సగం పౌడర్‌దైతే సగం దీనిది. ఏ రీల్ కూడా నాకు ఈ మాట చెప్పలేదు.

అయిదో వారంలో బేసిన్ అవసరమా అని చూడాలనిపించింది. రోజు విడిచి రోజు మార్చి చేశాను. ఒకరోజు ముఖం ముంచడం, ఒకరోజు అన్న చెప్పినట్టు తడి గుడ్డ గట్టిగా పిండి ముఖమంతా ఒత్తడం. ముక్కల్లో నాకు తేడా కనిపించలేదు. తడి గుడ్డకి పట్టే నీళ్ళు ఒక గ్లాసుడు, పట్టే టైము ఒక నిమిషం. కాబట్టి మామూలు రోజుల్లో తడి గుడ్డే. బేసిన్ నేను సెలవు రోజుకి, పెళ్ళిళ్ళకి వెళ్ళే రోజుకి ఉంచుకున్నాను, అదీ ఆ చల్లదనం కోసం. మొత్తం మీద నా ఉదయానికి అదనంగా ఏడెనిమిది నిమిషాలు పడుతోంది, మధ్యాహ్నం టచప్ తప్పిపోవడంతో ఆ టైము నాకు తిరిగొస్తోంది.

పొడి చర్మం ఉన్నవాళ్ళకి ఇది వద్దంటాను. మా సెక్షన్‌లో ఒక అక్కకి చెంపలు పొడిబారి పొట్టు లేస్తుంటాయి. నన్ను చూసి ఆవిడ కూడా చేసింది. సాయంత్రానికి నవ్వితే కళ్ళ పక్కన ముఖం పగిలిన నేలలా కనిపించింది. పాపం రెండు రోజులు మంట పుట్టిందంది. అలాంటివాళ్ళు ముక్కు, గడ్డం దగ్గర మాత్రమే పౌడర్ ఒత్తుకుని చెంపలు వదిలేయాలి. ఫ్లాష్‌తో ఫోటోలు తీసే రోజు కూడా జాగ్రత్త అవసరం. సిలికా ఎక్కువున్న పౌడర్లు మామూలు వెలుతురులో కనిపించవు, ఫ్లాష్ పడితే తెల్లగా తేలతాయి. మా ఆడపడుచు కూతురి నిశ్చితార్థంలో ఆ పిల్ల కళ్ళ కింద రెండు తెల్ల అర్ధచంద్రాలు ఫోటోల నిండా ఉన్నాయి. ఇంటి దగ్గరే ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫోటో తీసి చూసుకుంటే తెలిసిపోతుంది.

టాల్క్ గురించి కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2024లో టాల్క్‌ని మనుషులకి క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో చేర్చింది. జాన్సన్ కంపెనీ 2023లో ప్రపంచమంతా టాల్క్‌తో చేసే బేబీ పౌడర్ ఆపేసి మొక్కజొన్న పిండికి మారింది. నేను ఇది చదివాక పౌడర్ డబ్బా పారేయలేదు గానీ వాడే పద్ధతి మార్చుకున్నాను. ఫ్యాను ఆపి, పాపని గదిలోంచి పంపించి, డబ్బా మూత మీద చిటికెడే వేసుకుని పఫ్‌లో నలుపుతాను, గాలిలోకి లేవనివ్వను. ఒత్తేటప్పుడు ఊపిరి బిగబట్టుకుంటాను. పాపకి మాత్రం ఏ పౌడరూ వేయడం లేదు. వేసవిలో పిల్లల మెడకీ వీపుకీ పౌడర్ చల్లడం మా అమ్మ దగ్గర్నుంచి వచ్చిన అలవాటు. అది మానుకోవడం మా అత్తయ్యకి మొదట్లో నచ్చలేదు, చదివి వినిపించాక సరేనన్నారు.

ఖరీదు లెక్క చూస్తే నెల పైగా అయినా పౌడర్ డబ్బాలో మూడొంతులు అలాగే ఉంది, ఫౌండేషన్ సగమే పడుతోంది. మఖమల్ పఫ్‌లు రెండు కొన్నాను, వారానికి ఒకటి సబ్బుతో ఉతికి ఎండలో ఆరేస్తాను. ఉతక్కుండా వాడితే పాత జిడ్డే ముఖానికి తిరిగి అంటుతుంది, నాకు గడ్డం మీద రెండు మొటిమలు లేచాక ఆ బుద్ధి వచ్చింది. మేకప్ నిలవడానికి చివర్లో చల్లుకునే సెట్టింగ్ స్ప్రే కొనక్కర్లేదు. కొనమని రీల్స్‌లో చెప్పారని ఒక చిన్న సీసా కొన్నాను, వేసినా వేయకపోయినా గుడ్డ ముక్కలు ఒకేలా ఉన్నాయి.

పోయిన ఆదివారం రాత్రి ఏడున్నరకి గూడూరు నుంచి ఒక కుటుంబం వచ్చింది. పొద్దుటి నుంచి నాలుగు దుకాణాలు తిరిగి అలిసిపోయి ఉన్నారు. పెళ్ళికూతురికి తలంబ్రాల చీర కావాలి, హాఫ్ వైట్ మీద మెరూన్ బోర్డర్, జరీ నిండుగా. అసలు జరీ అంటే పట్టు దారానికి వెండి తీగ చుట్టి బంగారు పూత పూసింది, చెమట తడి తగిలితే నల్లబడుతుంది, అందుకే మేం చేతులు తుడుచుకుని గానీ ముట్టుకోం. చీర తీసేముందు నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. కొంగు విప్పి భుజాన వేసుకున్నాను. పెద్దావిడ ఇంకొంచెం పైకి పట్టుకోమంది, బోర్డర్ గడ్డానికి ఆనేదాకా ఎత్తాను. పెళ్ళికూతురు దగ్గరికి వచ్చి ఫోటో తీసింది. అటు తిరగమన్నారు, ఇటు తిరగమన్నారు, దాదాపు పది నిమిషాలు అది నా మీదే ఉంది. దించి కౌంటర్ మీద పరిచి, ట్యూబ్‌లైట్ కింద అంచు పొడుగూతా వేళ్ళతో జరుపుకుంటూ చూశాను. గడ్డం తగిలినచోట రెండుసార్లు చూశాను. ఎక్కడా ఏమీ లేదు. "ఇదే ఖాయం చేయండమ్మా" అంది పెద్దావిడ. నేను మడత పెట్టి బిల్లుకి పంపాను.